ఊపుతలము – గోల్ఫు ఆటలో చదునైన దెబ్బను సరిదిద్దిన చరిత్ర

కొలిమివద్ద సమ్మెట ఎత్తే మనిషి చేతులు నిలువుగా లేచి నిలువుగా దిగుతాయి. తిరగలి పిడి నేలకు సమాంతరముగా తిరుగుతుంది. మొదటి కదలిక దాదాపు నిలువు తలములో, రెండవది అడ్డ తలములో జరుగుతున్నవి. ఈ రెంటికి నడుమ, ఏటవాలుగా నిలిచిన తలములో కర్రను తిప్పి, నేలమీద కదలక ఉన్న చిన్న బంతిని కొట్టవలసిన ఆట గోల్ఫు. కర్ర తల గాలిలో గీసే వలయము దాదాపుగా ఏ తలములో ఇమిడి ఉంటుందో దానిని ఊపుతలము అనవచ్చును.

ఈ తలము నేలవైపు మరీ వాలిపోతే ఆ ఊపును చదునైన ఊపు అంటారు. చదునైన ఊపును నిలబెట్టుటకు గోల్ఫు గురువులు నూరేండ్లకు పైగా పాటుపడుతున్నారు. ఈ పాటులో కొంత శాస్త్రము ఉన్నది, కొంత నమ్మకము ఉన్నది. ఒకని రోగమునకు పనిచేసిన మందును అందరిచేతా తాగించిన సందర్భములు కూడ ఉన్నవి. ఏది శాస్త్రము, ఏది నమ్మకము అన్నది వేరుచేసి చూచుటే ఈ వ్యాసము ఉద్దేశము.

వడిసెల నేర్పే పాఠము

కర్నూలు జిల్లా పడమటి కొసన హాలహర్వి, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో గోల్ఫు మైదానము చూచినవారు తక్కువ. కాని ఊపుతలమును అర్థము చేసుకొనుటకు కావలసిన పరికరము ఆ నల్లరేగడి పొలములకు కొత్తది కాదు. జొన్న కంకి పాలుపోసుకొనే రోజులలో మంచె ఎక్కి పిట్టలను తోలే కావలివాని చేతి వడిసెలయే ఆ పరికరము.

వడిసెలలోని రాయి వలయములో తిరుగుతూ ఉంటుంది. ఒక కొస వదలగానే ఆ క్షణమున అది ఉన్న చోటినుండి వలయమునకు స్పర్శరేఖ వెంబడి దూసుకొనిపోతుంది. సెకనుకు మూడుసార్లు తిరుగుతున్నది అనుకొందాము. అప్పుడు సెకనులో నూరవ వంతు ఆలస్యమైతే రాయి సుమారు 11 డిగ్రీలు దారి తప్పుతుంది. వడిసెలను తలపైన అడ్డముగా తిప్పినవానికి ఈ తప్పంతా పక్కకు పడుతుంది. 50 మీటర్ల దూరములో రాయి దాదాపు 10 మీటర్లు ఎడమకో కుడికో పోతుంది. వడిసెలను పక్కన నిలువుగా తిప్పినవానికి అదే ఆలస్యము ఎత్తులో తేడా తెస్తుంది. రాయి ముందు పడవచ్చును, వెనుక పడవచ్చును, కాని దిక్కు మాత్రము తప్పదు.

చేయి చేసిన తప్పు రెండు చోట్లా ఒకటే. తలము మారినందున తప్పు పడిన దిక్కు మారినది. ఊపుతలమును గురించిన చరిత్ర అంతటికి ఇదే మూలసూత్రము. తలము వాలు తప్పును మాపదు. అది ఏవైపు పడవలెనో నిర్ణయిస్తుంది.

గోల్ఫులో నిలువు తలము కుదరదు. ఆటగాడు బంతికి పక్కగా నిలుచుట ఒక కారణము. ఆట నియమములే అడ్డుపడుట మరొక కారణము. కర్రను నేలమీద సరిగా ఆనించినప్పుడు దాని దండము నిలువురేఖనుండి కనీసము 10 డిగ్రీలైనా వాలి ఉండవలెనని పరికరముల నిబంధన చెప్పుతుంది. కాళ్ల నడుమ బంతిని పెట్టుకొని నిలువుగా కొట్టే పద్ధతిని 1968లో నిషేధించినారు. ఆ విధముగా గోల్ఫు ఆటగాడు ఏటవాలుకు కట్టుబడిపోయినాడు. ఎంత వాలు అన్నదే మిగిలిన ప్రశ్న.

పాతకాలపు చదును

గోల్ఫు స్కాట్లండులో పెరిగిన ఆట. ప్రజలు విలువిద్య సాధన మాని ఈ ఆట వెంట పడుతున్నారని 1457లో అక్కడి పార్లమెంటు దీనిని నిషేధించినది. ఆ నిషేధము నిలువలేదు. 1829లో కలకత్తాలో ఏర్పడిన గోల్ఫు క్లబ్బు బ్రిటిషు దీవులకు వెలుపల ఉన్నవాటిలో అతి పురాతనమైనది. బెంగుళూరు క్లబ్బు 1876లో ఏర్పడినది.

ఆ తొలికాలపు చెక్కకర్రలు పొడవైనవి. తల పొడుగ్గా, సన్నగా ఉండేది. దండమునకు, నేలకు మధ్య కోణము చిన్నది. అటువంటి కర్రను పట్టినవాడు బంతికి దూరముగా నిలువవలసి వచ్చేది. దూరముగా నిలిచినవాని ఊపు నడుము చుట్టూ తిరుగుతుంది. సముద్రపు గాలులు వీచే తీరభూములలో బంతి తక్కువ ఎత్తులో పోయి నేలమీద దొర్లుట లాభమే. కనుక నాటి చదునైన ఊపును ఎవరూ దోషముగా ఎంచలేదు. పరికరమునకు, నేలకు, గాలికి తగిన ఊపు అది.

1848 ప్రాంతములో ఈకలు కుక్కిన తోలుబంతి స్థానమున గట్టాపెర్చా బంతి వచ్చినది. మలయా ప్రాంతపు చెట్టు పాలనుండి తయారైన ఈ బంతి ఇనుప కర్రల దెబ్బకు ఓర్చుకొన్నది. ఇనుప కర్రల వాడుక పెరిగినది. అవి పొట్టివి, వాటి దండములు నిటారుగా ఉండేవి. వాటితోపాటు ఊపు కూడ కొంత లేచినది. చెక్కదండము దెబ్బ సమయములో మెలిపడేది. ఆ మెలిని చేతులతో తిప్పి సరిచేయుట ఒక విద్యగా ఉండేది. ఉక్కు దండములను అమెరికా సంఘము 1924లోను, స్కాట్లండులోని సెంట్ ఆండ్రూస్ క్లబ్బు 1929లోను అనుమతించినవి. ఉక్కు దండము మెలిపడుట తక్కువ. చేతుల మెలకువకు బదులు శరీరమంతటి కదలికతో కొట్టే పద్ధతి బలపడినది. 1945లో వరుసగా 11 పోటీలు గెలిచిన బైరన్ నెల్సన్ ఈ కొత్త పద్ధతికి మార్గదర్శి అని పేరు పొందినాడు.

ప్రయోగశాల కన్ను

శాస్త్రజ్ఞుల దృష్టి మొదట కర్రమీద గాక బంతిమీద పడినది. ఎడింబరో విశ్వవిద్యాలయములో ప్రకృతిశాస్త్ర ఆచార్యుడైన పీటర్ గత్రీ టేట్ 1890 తరువాతి సంవత్సరములలో బంతి పయనమును గణితముతో పరిశీలించినాడు. బంతి వెనుకవైపుకు తిరుగుతూ పోతే గాలి దానిని పైకెత్తి ఎక్కువ దూరము మోస్తుందని చూపినాడు. ఆయన కుమారుడు ఫ్రెడ్డీ టేట్ 1896, 1898 సంవత్సరములలో బ్రిటిషు అమెచ్యూరు విజేత. 1900లో దక్షిణాఫ్రికా యుద్ధములో మరణించినాడు. ఎలెక్ట్రాను కనుగొన్న జె.జె. థామ్సన్ 1910లో లండను రాయల్ ఇన్‌స్టిట్యూషనులో గోల్ఫు బంతి గతిశాస్త్రముపై ఉపన్యసించినాడు. బంతి ఎటు వంగుతుందో దాని భ్రమణాక్షము చెప్పుతుందని ఈ పరిశోధనలవలన స్పష్టమైనది. ఆ అక్షము వాలుటకు కర్ర తల పోయే దారికి, దాని ముఖము చూచే దిక్కుకు మధ్య తేడా ముఖ్య కారణమని తరువాతివారు వివరించినారు.

కర్రను చూచుటకు కంటి వేగము చాలదు. మంచి ఆటగాని పొడవు కర్ర తల సెకనుకు 45 మీటర్లకు పైబడిన వేగముతో బంతిని తాకుతుంది. తాకి ఉండే కాలము సెకనులో రెండువేలవ వంతు. అమెరికాలోని మసాచుసెట్సు ఇంజనీరింగు సంస్థకు చెందిన హెరాల్డ్ ఎడ్జర్టన్ క్షణక్షణము వెలిగి ఆరే దీపముతో 1938లో బాబీ జోన్స్ ఊపును ఒకే ఫలకముమీద చిత్రించినాడు. విసనకర్ర విప్పినట్లు కర్ర స్థానములు వరుసగా కనబడినవి. అంతవరకు మాటలలో ఉన్న ఊపు కొలవదగిన వస్తువైనది.

బ్రిటనులో గోల్ఫు సొసైటీ చేయించిన పరిశోధనను అలస్టేర్ కాక్రన్, జాన్ స్టాబ్స్ 1968లో గ్రంథముగా ప్రకటించినారు. వారు ఊపును జంట లోలకముగా భావించినారు. భుజములనడుమ నుండి వ్రేలాడే చేతులు ఒక లోలకము, మణికట్టు నుండి వ్రేలాడే కర్ర రెండవది. ఈ రెండూ ఒకే ఏటవాలు తలములో తిరుగుతవని వారి నమూనా. నెబ్రాస్కా విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్రజ్ఞుడు థియొడోర్ జోర్గెన్‌సెన్ ఆ గణితమును పెంపుచేసి 1994లో గోల్ఫు భౌతికశాస్త్రముపై పుస్తకము వెలువరించినాడు.

గాజు పలక

ఊపుతలమును లోకమునకు చాటినవాడు మాత్రము శాస్త్రజ్ఞుడు కాడు. టెక్సాసులో 1912లో పుట్టిన బెన్ హోగన్ యౌవనములో ఒక బాధ అనుభవించినాడు. కుడిచేతివాటపు ఆటగాడైన ఆయన కొట్టిన బంతి ఎడమకు మెలిదిరిగి పోయేది. దీనిని హుక్ అంటారు. కుడికి వంగితే స్లైస్ అంటారు. హోగన్ ఏండ్లతరబడి సాధనచేసి హుక్‌ను వదిలించుకొన్నాడు. 1949 ఫిబ్రవరిలో ఆయన కారును బస్సు ఢీకొన్నది. తిరిగి నడవగలడా అని వైద్యులు సందేహించిన మనిషి 1950లో అమెరికా ఓపెన్ గెలిచినాడు.

1957లో ఆయన రచించిన పాఠముల పుస్తకములో ఒక చిత్రమున్నది. ఆటగాని మెడచుట్టూ రంధ్రమున్న పెద్ద గాజు పలక. దాని అడుగు అంచు బంతివద్ద, పైభాగము భుజములమీద ఆని ఉంటుంది. వెనుకకు ఊపేటప్పుడు చేతులు ఈ పలక కిందనే ఉండవలెను, అద్దము పగులకూడదు అన్నది పాఠము. ఇంత సులభముగా మనసుకు పట్టే బొమ్మ గోల్ఫులో మరొకటి లేదు.

అయితే పలక కింద ఉండుమని చెప్పిన పాఠము పలకకు చాలా కిందికి జారిపోవద్దని అంత గట్టిగా చెప్పదు. హుక్‌తో పోరాడిన మనిషి తన పట్టును, మణికట్టును, తలమును ఆ పోరాటమునకు తగినట్లు తీర్చుకొన్నాడు. పుస్తకము కొన్న సామాన్య ఆటగాళ్లలో చాలమంది బాధ దీనికి విరుద్ధము, వారిది స్లైస్. హోగన్ మందు వారికి ఎప్పుడూ పథ్యము కాలేదని పలువురు గురువులు తరువాత గుర్తించినారు. హోగన్ తన అనుభవమును నిజాయితీగా చెప్పినాడు. ఒక శరీరపు అనుభవమును సర్వశరీరములకు శాసనము చేసినది చదివినవారు.

కొలతలు తేల్చినది

ఇప్పుడు చదునైన ఊపు దోషమెక్కడిదో లెక్కవేద్దాము. కర్ర తల వలయములో తిరుగుతూ అట్టడుగు బిందువును చేరుతుంది. బంతిని ఆ బిందువుకు కొంచెము ముందుగానో వెనుకగానో తాకుట సహజము. ఈ తేడా వలయములో 4 డిగ్రీలు అనుకొందాము. ఊపుతలము నేలతో 60 డిగ్రీలు చేస్తే, అందులో పక్కకు పడే భాగము 2 డిగ్రీలు, నిలువుకు పడేది సుమారు మూడున్నర. తలము 35 డిగ్రీలకు పడిపోతే పక్కకు 3.3 డిగ్రీలు, నిలువుకు 2.3. కొసైనుల పట్టిక ఉన్న ఏ విద్యార్థి అయినా దీనిని సరిచూచుకొనవచ్చును. చేతి తప్పు మారలేదు, కాని పక్క తప్పు ఒకటిన్నర రెట్లకు మించినది.

చదునైన ఊపు బంతిని కుడికి నెట్టుటో, ఎడమకు మెలిపెట్టుటో చేయుటకు కారణమిదే. మరొక చిక్కు కూడ ఉన్నది. వెనుకకు మరీ చదునుగా పోయిన కర్రను కొందరు కిందికి తెచ్చేటప్పుడు భుజములతో బయటికి తోసి సర్దుకొంటారు. అప్పుడు దారి తారుమారై స్లైస్ వస్తుంది. కనుక బంతి ఎటు వంగినదో చూచి మాత్రమే తలమును నిర్ణయించుట పొరపాటు.

మరి నిటారు ఊపే మేలా? కాదు. అందులో తప్పు నిలువుకు పడుతుంది. కర్ర నేలను తవ్వుతుంది, లేదా బంతి నెత్తిని తాకుతుంది. బంతి పాదములకంటె ఎత్తైన గట్టుమీద ఉంటే చదునైన ఊపే సరియైనది. పొడవు కర్రకు వాలు ఎక్కువ, పొట్టి ఇనుప కర్రకు తక్కువ కావలెను. ఒకే తలము అన్ని దెబ్బలకు చాలదు.

2003లో డెన్మార్కులో స్థాపితమైన ఒక సంస్థ డోప్లరు రాడారుతో కర్ర, బంతి గమనములను కొలిచే యంత్రమును తెచ్చిన తరువాత ఊహలకు చోటు తగ్గినది. కర్ర పోయిన దారిలోనే బంతి బయలుదేరుతుందని పాత గురువులు బోధించేవారు. బయలుదేరే దిక్కు ఎక్కువగా కర్ర ముఖముమీద ఆధారపడుతుందని కొలతలు చూపినవి. 2005లో కోల్‌మన్, రాంకిన్ అనే పరిశోధకులు మూడు దిక్కులనుండి ఊపును కొలిచి, ఎడమచేయి, కర్ర ఊపు పొడుగునా ఒకే తలములో ఉండవని ప్రకటించినారు. జంట లోలకపు తలము మంచి నమూనాయే. కాని మనిషి నమూనా కాడు.

సరిదిద్దే క్రమము

ఊపు నిజముగా మరీ చదునైనదైతే ఏమి చేయవలెను? వైద్యుడు రోగ మూలమును వెదికినట్లు మూడు చోట్ల వరుసగా వెదకవలెను.

మొదటిది కర్ర. దండమునకు, నేలకు మధ్య కోణము పొడవు కర్రలో సుమారు 58–60 డిగ్రీలు, పొట్టి వెడ్జిలో సుమారు 64 డిగ్రీలు ఉంటుంది. పెద్దల కర్రను పిల్లవాని చేతికిస్తే అది పొడవై, బరువై, వాని ఊపును బలవంతముగా నడుముచుట్టూ లాగుతుంది. తప్పు కర్రలో ఉంటే మందలింపు పిల్లవానికి దక్కుతుంది. ఎత్తు తక్కువవాని తలము సహజముగానే కొంత వాలుతుంది. దానిని దోషమని ఎంచరాదు.

రెండవది నిలుచు తీరు. బంతికి దూరముగా, వెన్ను నిటారుగా నిలిచినవాని భుజములు అడ్డముగానే తిరుగుతవి. తుంటి కీళ్లవద్ద ముందుకు వంగి, చేతులు భుజములనుండి తేలికగా వ్రేలాడేటట్లు దగ్గరకు జరిగితే తలము దానంతట అదే లేస్తుంది. వీపును గూనిగా వంచి మాత్రము కాదు. నడుమునొప్పి గోల్ఫు ఆటగాళ్లలో తరచు కనబడే బాధలలో ఒకటి.

మూడవది కదలిక. వెనుకకు తీసుకొనుటలో ముంజేతులను ముందే తిప్పివేస్తే కర్ర వెనుకకు జారిపోతుంది. ఎడమచేయి నేలకు సమాంతరమైనచోట ఆగి చూడవలెను. కర్ర పిడి కొసను పొడిగించిన గీత బంతి, గమ్యము కలిపే రేఖ దరిదాపుల నేలను తాకితే తలము సరిగా ఉన్నది. ఆ రేఖను దాటి చాల దూరము పోతే ఊపు చదునైనది. ఇవతల పాదములవైపు పడితే మరీ నిటారైనది. గోడకు వీపు చేసి మూరెడు దూరమున నిలిచి, కర్ర గోడకు తగులకుండ మెల్లగా ఎత్తుట మంచి అభ్యాసము. ఒకేసారి మూడూ మార్చరాదు. ఒకటి మార్చి, పది పదిహేను బంతులు కొట్టి, అవి పడిన చోట్లు గుర్తించి, ఆ తరువాత రెండవదానికి పోవలెను. ప్రయోగశాలలోను ఇదే పద్ధతి.

పుస్తకమునకు లొంగని దేహములు

ఈ చరిత్రలో తెలుగువారికి కూడ ఒక పుట ఉన్నది. హైదరాబాదు నుండి అమెరికా వెళ్లిన తల్లిదండ్రులకు 1997లో కాలిఫోర్నియాలో పుట్టిన సాహిత్ తీగల నేడు అక్కడి ప్రధాన వృత్తి పోటీలలో ఆడుతున్నాడు. పెప్పర్‌డైన్ విశ్వవిద్యాలయ విద్యార్థిగా 2020లో కళాశాల గోల్ఫులోని మూడు పెద్ద పురస్కారములు, హాస్కిన్స్, హోగన్, నిక్లాస్ పేరిటివి, అందుకొన్నాడు. 2023 సెప్టెంబరులో నాపాలో జరిగిన ఫార్టినెట్ పోటీ గెలిచినాడు. అతని వెన్నెముకలో పక్కవంపు ఉన్నది. అటువంటి దేహమునకు గాజు పలకను సమముగా భుజములమీద నిలబెట్టుట సాధ్యము కాదు. పుస్తకములోని బొమ్మకు ఆ దేహమును వంచుటకంటె, ఆ దేహములో బంతిని నిలకడగా తాకే దారి వెదకుటే వివేకము.

జిమ్ ఫ్యూరిక్ ఊపు దీనికి మరొక సాక్ష్యము. ఆయన కర్రను నిటారుగా ఎత్తి, పైన మెలితిప్పి, చదునుగా దించుతాడు. నేర్పినవాడు తండ్రియే. చూచినవారు నవ్విన ఆ ఊపుతో 2003లో అమెరికా ఓపెన్ గెలిచినాడు. 2016లో ఒక ఆటను 58 దెబ్బలలో ముగించినాడు. పైకి పోయే దారి ఎట్లున్నా బంతిని తాకే క్షణమున తలము, ముఖము ప్రతిసారీ ఒకే తీరున ఉండుట ముఖ్యమని ఆయన ఆట నిరూపించినది.

తీగల ఆటలో మరొక సంఘటన చెప్పదగినది. 2024లో అట్లాంటా నగరములో సీజను చివరి పోటీ మూడవ రోజున, ఇసుక గుంటలోనుండి కొట్టుటకు కర్రను వెనుకకు తీసేటప్పుడు కొన్ని ఇసుక రేణువులు కదలినవని తీగలకు తోచినది. వెనుక ఊపులో ఇసుకను తాకరాదని నియమము. అతడు తానే అధికారులకు తెలిపి రెండు దెబ్బల శిక్ష స్వీకరించినాడు. ఆ పోటీలో మూడవ స్థానము వచ్చినది. వెనుక ఊపు ఎంత తక్కువ ఎత్తులో, ఏ దారిన పోయినదో ఆడేవానికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ఉన్నదానిని ఉన్నట్లు చెప్పుట ఆటకు, శాస్త్రమునకు సమానమైన ధర్మము.

చదునైన ఊపును సరిదిద్దుట అంటే ఎవరిదో తలమును తెచ్చి తగిలించుట కాదు. ఆడేవాని ఎత్తును, కర్ర పొడవును, వెన్ను తీరును కొలిచి, బంతులు పడిన చోట్లను లెక్కించి, తప్పు పక్కకు పోతున్నదా నిలువుకు పోతున్నదా అని తెలుసుకొని, ఆ తరువాతనే తలమును కదిలించవలెను. మంచెమీది కావలివానికి ఈ సంగతి కొత్త కాదు. పిట్టలు వాలిన చోటుకు రాయి పక్కగా పోతే తిప్పే తలము మార్చుతాడు, ముందుగా పడితే వదలే క్షణము మార్చుతాడు. గాజు పలకలు, జంట లోలకములు, రాడారు యంత్రములు ఇన్నేండ్లకు చేరిన ముగింపు దానికి దూరమైనది కాదు.